ఆఫ్ సంగతేంటి?

కరెంటుకి స్విచ్ ఉన్నట్టే వేడికీ స్విచ్ ఉంటుంది. ఆన్ చేస్తే ఈ చివరనున్న వేడి ఆ చివరకి పోవాలి, ఆఫ్ చేస్తే ఎక్కడిదక్కడ ఆగాలి. అంతరిక్షంలోకి పంపే అతిశీతల పరికరాల్లో ఇది వేలెడంత ఉంటుంది. రాకెట్ ఎగిరిన మర్నాడు పేపర్లో దీని గురించి ఎవరూ రాయరు. అమెరికాలో చదువుకునే రోజుల్లో నేను బేస్‌మెంట్ ల్యాబులో కూర్చుని చేసింది ఈ హీట్ స్విచ్‌లే. మొదటిసారి రీడింగు బాగా వచ్చినప్పుడు, "అన్నా, ఆన్ అయింది!" అంటూ పరుగున వెళ్ళి మా సీనియర్‌కి చెప్పాను. ఆయన స్క్రూడ్రైవర్ కిందపెట్టకుండానే అన్నాడు: "ఆన్ అవడానికేముందిరా, రాగి ముక్క పెట్టినా ఆన్ అవుతుంది. ఆఫ్ సంగతేంటి?"

ఈ పనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చెరువు తూము తలుపు ఎత్తితే నీళ్ళు పారడంలో గొప్పేముంది? దించాక కారకుండా ఉంటేనే వడ్రంగికి పేరు.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే, సున్నా కెల్విన్ దగ్గరికి వెళ్ళే దారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఒక రకం లవణపు స్ఫటికాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే వేడెక్కుతుంది. అప్పుడు స్విచ్ ఆన్ చేసి ఆ వేడిని పక్కనున్న కూలర్‌లోకి దించేయాలి. తర్వాత స్విచ్ ఆఫ్ చేసి, క్షేత్రాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వస్తే స్ఫటికం మొదటికంటే ఎంతో చల్లబడుతుంది. 1926లో డిబై, జియోక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఈ ఊహ చేశారు. 1933లో జియోక్ బర్క్‌లీలో చేసి చూపించాడు. జపాన్ 2016లో నాసా సాయంతో పంపిన హితోమి, 2023 సెప్టెంబరులో పంపిన ఎక్స్‌రిజమ్ టెలిస్కోపుల్లో ఎక్స్‌రే డిటెక్టర్‌ని 50 మిల్లీకెల్విన్ దగ్గర నిలబెట్టింది ఈ ఉపాయమే. ఒక్క ఎక్స్‌రే కణం వచ్చి తగిలితే పుట్టే వేడిని కొలిచే డిటెక్టర్ అది. అలాంటి చోట మైక్రోవాటు కారినా పెద్ద దోపిడీ కిందే లెక్క.

స్విచ్ లోపల చూస్తే ఆశ్చర్యపోయేంత సాదాగా ఉంటుంది. సన్నటి టైటానియం గొట్టం. దాని రెండు చివర్ల నుంచీ రెండు రాగి ముక్కలు లోపలికి చొచ్చుకొచ్చి, వేళ్ళ మధ్య వేళ్ళు దూర్చినట్టు ఒకదాని సందుల్లో ఒకటి నిలుస్తాయి, కానీ తగలవు. మధ్యలో వెంట్రుక మందమో, అంతకి కాస్త ఎక్కువో ఖాళీ. పక్కన చిన్న డబ్బాలో యాక్టివేటెడ్ బొగ్గు, కొద్దిగా హీలియం. బొగ్గుని కాస్త వేడిచేస్తే అది పట్టుకున్న హీలియంని వదిలేస్తుంది, ఆ గ్యాసు సందులోకొచ్చి వేడిని మోస్తుంది. బొగ్గు చల్లబడగానే గ్యాసుని మళ్ళీ పీల్చేసుకుంటుంది, సందులో శూన్యం మిగులుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేది లేదు. బొగ్గుతో ఇంత పని చేయించిన బుర్రకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

చిక్కంతా బిగించేటప్పుడే. గది వేడి నుంచి నాలుగు కెల్విన్‌కి దించితే రాగి వెయ్యికి మూడు వంతులు కుంచించుకుపోతుంది. టైటానియం అందులో సగమే. బల్ల మీద చక్కగా విడివిడిగా కనిపించిన రాగి వేళ్ళు, అతుకు కాస్త వంకరగా ఉంటే చలికి ఒరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. ఒక్కచోట తాకినా చాలు, ఆ స్విచ్ ఇక జన్మలో ఆఫ్ కాదు. బయటికి తీసి చూస్తే మళ్ళీ విడివిడిగానే ఉంటాయి! ఇక లీకుల సంగతి. అతుకు చుట్టూ హీలియంని సన్నగా ఊదుతూ డిటెక్టర్ సూది చూడాలి. హీలియం పైకి పోతుంది కాబట్టి పై అతుకు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. తిరగేసి చేశారో, కింద ఊదిన గ్యాసు పైన లీకులో దూరి, బాగున్న అతుకుని తప్పుపట్టిస్తుంది.

ఈమధ్య విద్యార్థులంతా వీటిని చిన్నవి చేసే పనిలో ఉన్నారు. పది సెంటీమీటర్ల ఘనాలు పేర్చి కట్టే క్యూబ్‌శాట్‌లో కూడా ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్, బుల్లి కూలర్ పెట్టాలని కోరిక. రెండు కూలర్లు పెట్టి ఒకటి ఆపేస్తే, ఆపింది ఊరుకోదు, బయటి వేడిని లోపలికి మోస్తూ కూర్చుంటుంది. దాన్ని విడదీయడానికీ స్విచ్చే కావాలి. సరే, అన్ని కొలతలూ సగానికి తగ్గిస్తే పోలా అనుకుంటారు. తగ్గని కొలతలు రెండున్నాయి: సందు, గొట్టం గోడ మందం. వాటిని అప్పటికే లేతు మీద కుదిరినంత సన్నగా చేసేసి ఉంటారు. ఎదురెదురు రాగి ముఖాల వైశాల్యం నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి ఆన్‌లో పోయే వేడీ నాలుగో వంతే. ఆఫ్‌లో వేడి కారేది గొట్టం గోడ గుండా. చుట్టుకొలత సగమైంది నిజమే, కానీ పొడవూ సగమైంది, కాబట్టి కారుడు అణువంత కూడా తగ్గలేదు. వెయ్యి రెట్ల తేడా చూపించిన స్విచ్ రెండువందల యాభైకి దిగింది. చిన్నది చేయడం అంటే బొమ్మని కుదించడం కాదని కుర్రాళ్ళకి తెలిసొచ్చేది ఈ లెక్క దగ్గరే.

మైనంతో చేసే స్విచ్‌లూ ఉన్నాయి. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల బ్యాటరీలకి అవే పెట్టారు: మైనం కరిగి ఉబ్బితే తగులుతుంది, గడ్డకడితే వదిలేస్తుంది. బ్యాటరీకి సరిపోతుంది గానీ, అతిశీతలంలో మైనం ఎప్పుడూ గడ్డే.

ఇప్పుడు ఏ కుర్రాడి రిపోర్టు నా దగ్గరికొచ్చినా నేను ఆన్ గ్రాఫు చూడను, అది ఎలాగూ అందంగానే ఉంటుంది. ఆఫ్‌లో ఎంత కారిందో రాసిన పేజీకి వెళ్తాను. ఆ అంకె పక్కనే ఇంకోటి వెతుకుతాను: ఖాళీ రన్ చేశాడా లేదా? ఆఫ్‌లో కారే వేడి ఎంత తక్కువంటే, కొలిచే సెన్సర్ తీగల గుండా పోయేదీ దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి స్విచ్ తీసేసి, అదే హీటర్, అవే సెన్సర్లు, అవే తీగలు దారంతో వేలాడదీసి, మొత్తం మళ్ళీ చల్లబరిచి కొలవాలి. ఆ వచ్చిన అంకెని తీసేస్తే మిగిలేదే స్విచ్‌ది. కూలర్ దిగడానికి రోజులు పడుతుంది, చేతిలో కొత్త ఫలితమేమీ మిగలదు, గైడు కూడా అడగకపోవచ్చు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి వైవాకి కూర్చునే మన అలవాటుకి ఇది బొత్తిగా పడని పని. అయినా సరే, ఖాళీ రన్ లేని రిపోర్టుని నేను వెనక్కి పంపుతాను. మా పిల్లలు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకుంటూనే తీగలు విప్పి మళ్ళీ కడతారు.