బజారుకు సరిపడే కెమెరా

హైదరాబాద్ లాడ్ బజారులో గాజులు వేయించుకుంటున్న చెయ్యి ఒక్క క్షణం ఎండలోకి వస్తుంది. కెమెరా ఫోకస్ వెతుక్కునేలోపే వెనక్కి పోతుంది. వీధి ఫొటోలు తీసేవాళ్ల కష్టమంతా ఆ అర సెకనులోనే ఉంది. మెగాపిక్సెళ్లు ఎన్నని అడిగి కెమెరా కొనేవాళ్లు దాని ఊసే ఎత్తరు.

ఈ విద్యకు ఊపిరి పోసింది చిన్న కెమెరాయే. 1925లో జర్మనీలో లైకా మార్కెట్లోకి వచ్చింది. సినిమా ఫిల్ముతో నడిచే ఆ చిన్న పెట్టె కోటు జేబులో పట్టేది. 1930ల మొదట్లో దాన్ని అందుకున్న ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ ఎక్కువగా 50 ఎం.ఎం. లెన్సుతోనే పనిచేశాడు. కెమెరా లోహపు మెరుపు ఎవరి కంటా పడకుండా దానికి నల్ల టేపు చుట్టేవాడు. షికాగోలో ఆయాగా బతుకుతూ వీధి ఫొటోలు తీసిన వివియన్ మేయర్ చేతిలోని రోలీఫ్లెక్స్‌ను పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి చూడాలి. కెమెరా కంటిదాకా లేవదు కనుక ఎదుటివాళ్లు బిగుసుకుపోరు. తెర పైకి వంగే మిర్రర్‌లెస్ కెమెరా ఏదైనా ఇప్పుడు అదే సౌకర్యం ఇస్తుంది.

అసలు కిటుకు, ఫోకస్‌ను ముందే పెట్టి ఉంచుకోవడం. ఏపీఎస్-సీ సెన్సరున్న కెమెరాలో లెన్సు 18 ఎం.ఎం. దగ్గర, అపెర్చర్ ఎఫ్/8 దగ్గర ఉంచి, 2 మీటర్ల దూరానికి ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. సుమారు 1 మీటరు నుంచి వీధి చివరిదాకా అంతా స్పష్టంగానే వస్తుంది. షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు తగ్గకూడదు, లేదంటే నడిచే మనిషి కాళ్లు అలికినట్టు వస్తాయి. ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. ఇక వెతుకులాట లేదు, నొక్కడమే. ఒక్క తిరకాసు ఉంది: కొన్ని కొత్తరకం లెన్సులు కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టుకున్న దూరాన్ని మరిచిపోతాయి. కొనేముందే ఆపి, ఆన్ చేసి చూసుకోవాలి.

పగటి వీధికి ఖరీదైన ఆటోఫోకస్ అక్కర్లేదని దీన్నిబట్టే తేలుతుంది. పదేళ్ల నాటి కెమెరా చాలు. రికో జీఆర్ ఈ పనికే పుట్టినట్టుంటుంది, ఫోకస్ దూరాన్ని ముందే ఎంచుకునే ఏర్పాటు అందులోనే ఉంది. కానీ పాతదైనా ధర దిగదు. నా ఓటు 2014లో వచ్చిన సోనీ ఏ6000కి. 24 మెగాపిక్సెళ్లు, వంగే తెర, బ్యాటరీతో కలిపి 350 గ్రాముల లోపు బరువు. డీఎస్ఎల్ఆరే కావాలంటే కెనాన్ 200డీకి 24 ఎం.ఎం. పల్చటి లెన్సు తగిలించుకోండి. దాని షట్టర్ టక్కుమంటుంది, నిజమే. ఆటోల హారన్ల మధ్య ఎవరికి వినిపిస్తుంది?

మరి ఫోను చాలదా? పగలు చాలు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ దగ్గర కదిలే జనాన్ని పట్టాలంటే మాత్రం పెద్ద సెన్సరు, ఎఫ్/2 లాంటి లెన్సు కావాలి. అక్కడ ముందే పెట్టుకున్న ఫోకస్ కూడా అంతగా ఆదుకోదు, ఎందుకంటే అపెర్చర్ తెరిచేకొద్దీ స్పష్టంగా ఉండే మేర కుంచించుకుపోతుంది.

ఇంత అవస్థ ఎందుకంటారా? ఒకప్పుడు సందుసందునా ఉన్న ఎస్టీడీ బూతుల పసుపు బోర్డులను పనిగట్టుకుని ఎంతమంది ఫొటో తీశారు? పెళ్లిళ్లకు, ప్రారంభోత్సవాలకు ఫొటోగ్రాఫర్‌ను పిలుస్తారు. మామూలు మంగళవారానికి ఎవరూ పిలవరు. రఘుబీర్ సింగ్ రంగుల ఫిల్ముతో తీసిన మన దేశపు రోడ్ల ఫొటోల విలువ ఇప్పుడు తెలుస్తున్నది అందుకే. ఎవరైనా తమ ఫొటో వద్దంటే మాత్రం వాదించకండి, వాళ్ల ఎదుటే చెరిపేయండి.

పాతది కొనేవాళ్లకు చివరి మాట. ఫోను టార్చి లెన్సులోకి వేసి చూడండి. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో ఫంగస్ సాలెగూడు పోగుల్లా పడుతుంది, అలాంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మీ మెమరీ కార్డు వేసి, ఎఫ్/16 దగ్గర తెల్లటి ఆకాశాన్ని తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలుంటే సెన్సరు శుభ్రం చేయించే ఖర్చు బేరంలో తగ్గించుకోండి.