రాబట్టడం, విడిపించుకోవడం: కర్త ఎవరు?

మొన్న పదో తరగతికి పర్యాయపదాలు చెబుతుండగా ఒక కుర్రాడు లేచి, "రికవరీకి తెలుగేమిటి మాస్టారూ?" అని అడిగాడు. వెంటనే చెప్పలేకపోయాను. ఆ మాట నల్లబల్ల మీద రాసి, ఇంట్లోనూ రాజాం బజార్లోనూ దీన్ని ఎక్కడెక్కడ విన్నారో మీరే చెప్పండర్రా అన్నాను. దొంగసొత్తు పోలీసులు రికవరీ చేశారని ఒకడు, నాన్న జీతంలోంచి రికవరీ కోశారని ఒకడు, సంఘం అప్పు రికవరీకి మనిషి వచ్చి గుమ్మంలో కూర్చుందని ఒక పిల్ల, తాతకి ఆపరేషనయ్యాక రికవరీ అవుతున్నాడని మరొక పిల్ల చెప్పారు. ఫోనులో చెరిగిపోయిన ఫొటోలు రికవరీ చేయించానని ఇంకొకడు. ఆఖరున వెనక బల్ల మీది అమ్మాయి లేచి, "మా అమ్మ పుస్తెలతాడు బేంకునుంచి ఇడిపించుకొచ్చినాం. అదీ రికవరీయేనా సార్?" అంది.

ఈ వ్యాసానికి ఆ అమ్మాయి ప్రశ్నే మూలం.

రికవరీకి తెలుగులో మాట లేదనీ, "పునఃప్రాప్తి" వంటిదేదో కల్పించుకోవాలనీ వాదించే మిత్రులున్నారు. ఆ వాదంతో నాకు ఏకీభావం లేదు. మనకి మాట లేకపోవడం కాదు, మాటలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు ఒక్క మాటలో కలిపేసిన వాటిని తెలుగు విడివిడిగా ఉంచింది. నూతిలో పడ్డ చేదని పైకి తీస్తాం. జబ్బుపడ్డ మనిషి కోలుకుంటాడు. దెబ్బ తిన్నవాడు తేరుకుంటాడు. పన్ను వసూలు చేస్తారు. బాకీ రాబడతారు. తాకట్టు విడిపిస్తారు. ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్క క్రియకీ ఒక్కొక్క కర్త ఉన్నాడు. ఆ కర్త ఎవరో అడగడమే విమర్శకుడి మొదటి పని.

'వసూలు' అరబ్బీ మూలం నుంచి వచ్చిన మాట. దాని అర్థం చేరడం. డబ్బు ఎవరినుంచి బయలుదేరిందో ఆ మాట చెప్పదు, చేరవలసిన చోటికి చేరిందని మాత్రమే చెబుతుంది. 'రాబట్టు' మన మాట. ఇందులో 'పట్టు' ఉంది. తనంతట తాను రానిదాన్ని పట్టి రప్పించడం. బాకీ రాబడతారు, పెట్టుబడి రాబడతారు, ఠాణాలో నిజం రాబడతారు. ఈ మూడింటిలోనూ కర్త బలమున్నవాడే.

'విడిపించు' సంగతి వేరు. పైరులో పడిన ఆవుని బందెలదొడ్డినుంచి విడిపిస్తారు. కుదువ పెట్టిన బిందెని విడిపిస్తారు. జైల్లో పడ్డ కొడుకుని జామీనిచ్చి విడిపిస్తారు. వీటన్నిటిలోనూ సొత్తు తనదే, మనిషి తనవాడే. తనదాన్ని తానే డబ్బు కట్టి తెచ్చుకోవాలి. వస్తువు బందీ అయిందన్న ఎరుక ఆ క్రియలోనే ఉంది. రికవరీ అనే మాట ఆ ఎరుకని తుడిచేస్తుంది. గుమ్మంలో కూర్చున్న మనిషి పనికీ, తాళిని తెచ్చుకున్న తల్లి పనికీ ఒకే పేరు పెట్టి ఊరుకుంటుంది.

ఇది కేవలం నిఘంటువుకి సంబంధించిన విషయమా? కాదు. మన ఉత్తరాంధ్ర సాహిత్యమే అందుకు సాక్ష్యం.

గురజాడ 'కన్యాశుల్కం'లో కంటె వ్యవహారం చూద్దాం. మాయపెళ్లికూతురి అలంకరణ కోసం రామప్ప పంతులు మధురవాణి కంటెని పట్టుకుపోతాడు. పెళ్లికూతురు మాయమవుతుంది, దానితో కంటే మాయమవుతుంది. కంటె తెచ్చి తీరాలని మధురవాణి పట్టుబడుతుంది. కోర్టు కాగితాల మీద బతికే పంతులు, ఎదటివాళ్ల దగ్గర డబ్బు గుంజడమే వృత్తిగా గలవాడు, ఇక్కడ బాకీదారుడై దిక్కులు చూస్తాడు. ఆ రంగాలకి మనం నవ్వుతాం. ఎందుకు నవ్వుతాం? పంతులు చేతిలో ఉండవలసిన 'రాబట్టు' అనే క్రియ మధురవాణి చేతిలోకి వచ్చింది. కర్త మారాడు, లోకం తలకిందులైంది. ఆ తలకిందులు కావడమే అక్కడి హాస్యానికి ఆధారం.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' (1966)లో కర్త మారడు. షావుకారు గోపన్నకి అప్పల్రాముడు బాకీ. ఊరి పెద్దలు కూర్చుంటారు. శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు, ధర్మం తెలిసినవాడు. అబద్ధపు పత్రం లేదు, దొంగసాక్ష్యం లేదు. బాకీ బాకీయే. కనుక సభలో తేలవలసింది ఒక్కటే: ఎలా తీర్చడం? ఆ బాకీ ఎలా పుట్టింది, ఊరు అభివృద్ధి చెందుతుంటే అప్పల్రాముడి కుటుంబం ఎందుకు చితికింది అన్న ప్రశ్నలు వసూలుకి అడ్డం వచ్చేవి. కథ చేసిన పని ఆ ప్రశ్నల్ని సభలోకి తీసుకురావడం. చివర సీతారాముడు కన్నబిడ్డనే నరికి తెచ్చి సభ ముందు పడేస్తాడు.

ఈ ముగింపు సహజమా, అసహజమా అని ఎంతో చర్చ జరిగింది. ఆ చర్చలో మాట్లాడినవాళ్లు ఎక్కువగా సీతారాముడి మనసుని పరీక్షించారు. బాకీ లెక్కని పరీక్షిస్తే మరొక సంగతి కనిపిస్తుంది. భూమి పోయాక కూడా షావుకారు రాబట్టుకోగలిగింది ఒకటి మిగిలి ఉంది. అది తర్వాతి తరం చాకిరీ. తండ్రి బాకీకి కొడుకు పాలేరు, కొడుకు బాకీకి మనవడు పాలేరు. ఇక రాబట్టడానికి వీల్లేని చోటికి సీతారాముడు ఆ మనవణ్ణి పంపించాడు. అది విజయం కాదు, ఘోరం. దాన్ని మెచ్చుకోమని కథ మనని అడగదు. తనవాణ్ణి విడిపించుకోవడానికి ఆ మనిషికి మరొక దారి ఈ వ్యవస్థ మిగిల్చిందా అని మాత్రం అడుగుతుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో, కథ వచ్చిన పదేళ్లకి.

చాసో 'వాయులీనం'లో ఈ ఘర్షణ ఇంటి నాలుగు గోడల మధ్య నడుస్తుంది. అక్కడ షావుకారు లేడు. భార్య జబ్బుపడుతుంది, ఖర్చులకి ఆమె వాయులీనం అమ్ముడైపోతుంది. మనిషి కోలుకుంటుంది, సంగీతం పోతుంది. ఆసుపత్రి భాషలో అది పూర్తి రికవరీ. కథ ఆ లెక్కని ఒప్పుకోదు. కోలుకోవడానికి చెల్లించినది ఏమిటో చూపించి ఊరుకుంటుంది. పేదవాడి ఇంట్లో ఒకటి దక్కించుకోవాలంటే మరొకటి వదులుకోవాలన్న సత్యాన్ని చాసో ఎక్కడా ఉపన్యాసంగా చెప్పలేదు.

ఇక చట్టం వైపు చూద్దాం. ఈ ఇంగ్లీషు మాట మన పల్లెకి ఎలా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1864లో చేసిన రెవెన్యూ రికవరీ చట్టం శిస్తు బకాయికి రైతు సొత్తునీ భూమినీ జప్తు చేసే అధికారం ఇచ్చింది. అంటే పల్లెలో ఈ మాట వెనక జప్తు నోటీసు ఉంది. రైతు పోగొట్టుకున్నది రైతుకి తిరిగి రావడానికి అలాంటి చట్టం రావడానికి చాలా కాలం పట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతుల్లో పడిన భూముల గురించి 1959లో నిబంధనలు వచ్చాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళం గిరిజనోద్యమం రగిలింది. ఆ తరవాత 1970లో సవరణ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా భావించాలని '1/70' చెప్పింది. రుజువు భారం కర్త మారింది. చట్టం అమలు ఎంత అన్నది వేరే చర్చ. కాని వ్యాకరణం ఒక్కసారి మారిందని గమనించాలి. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల దౌర్జన్యం మీద ఆర్డినెన్సు తేవలసివచ్చిందంటే, పాత వ్యాకరణం ఎంత గట్టిదో కూడా తెలుస్తుంది.

తిరిగి తెచ్చుకోవడంలో ఎవరి నోటి కూడూ కొట్టని పద్ధతి లేదా అంటే, ఉంది. 'యజ్ఞం' రాసిన రామారావు గారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. పాత పత్రికల్లో మరుగునపడ్డ తెలుగు కథల్ని వెతికి వెతికి ఒకచోట చేర్చారు. ఆ పనిని మనం వెలికితీయడం అంటాం. నూతిలోంచి చేద తీయడం వంటిది. తీసినవాడికే కాక వాడకట్టు అందరికీ నీళ్లు వస్తాయి.

నేను చెప్పేది ఇంగ్లీషు మాటలు మానేయమని కాదు. రికవరీ అన్న మాట జనం నోట ఉంది, పాత్ర నోట ఉండవలసిందే. కాని కథకుడు తన సొంత వాక్యంలో ఆ మాట రాసే ముందు ఆగి చూసుకోవాలి. నా వాక్యంలో కర్త ఎవరు? బాకీ రాబట్టేవాడా, తాకట్టు విడిపించుకునేవాడా? అది తేల్చుకోకుండా రాసిన వాక్యం తెలియకుండానే షావుకారు పద్దుపుస్తకంలో వాక్యం అవుతుంది. సాహిత్య విద్యార్థులు కూడా కథని చదివేటప్పుడు పాత్రల మంచిచెడ్డలతో సరిపెట్టుకోకుండా క్రియాపదాల వెంట నడవడం అలవాటు చేసుకుంటే మేలు.

మర్నాడు తరగతిలో ఆ అమ్మాయికి జవాబు చెప్పాను: "మీ అమ్మ చేసింది రికవరీ కాదమ్మా, విడిపించుకోవడం. నువ్వు అన్నమాటే సరైనది." ఆ పిల్ల ఆ మాటని తన నోటుబుక్కులో 'ఇడిపించు' అనే రాసుకుంది. నేను దిద్దలేదు.