బోధనభాషయు శాసనమును

కృష్ణా జిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామమున తరంగ నృత్యమును చూచినవారికి ఒక దృశ్యము చిరకాలము జ్ఞాపకముండును. నర్తకి ఇత్తడి పళ్లెము అంచుపై పాదములుంచి, భారమును ఒక పాదమునుండి మరియొక పాదమునకు మార్చుచు, తాళము తప్పకుండ పళ్లెమును నేలపై నడిపించును. శరీరభారమంతయు కేంద్రీకరించినట్లు భావించు బిందువును గరిమనాభి అందురు. నిలుచున్నవారి గరిమనాభినుండి దించిన నిట్టనిలువు రేఖ ఆధారపు హద్దులు దాటినచో పడిపోవుట తప్పదు. నాట్యము నేర్చు బాలిక ఈ సత్యమును "మొగ్గు", "నిలకడ" వంటి ఇంటిమాటలతోనే గ్రహించును. అదే సత్యము పాఠశాలలో పరభాషలో ఎదురైనపుడు ఆమె దానిని గుర్తించునా? బోధనభాషను గూర్చిన శాసనములను ఈ ప్రశ్నతోనే పరీక్షింపవలెను.

తెలుగును రాష్ట్ర అధికారభాషగా చేసిన చట్టము 1966లో వచ్చినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పై తరగతులకు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది. ఉద్దేశము మంచిదే, ఆచరణ కుంటుపడినది. కార్యాలయములలో ఇంగ్లీషు వాడుక తగ్గలేదు. రాజ్యాంగములోని 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహారము ఇంగ్లీషులోనే సాగుచున్నది. ఉద్యోగమునకును పై చదువునకును ఇంగ్లీషు అవసరమైనచోట తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ భాషను కోరుట సహజము.

ఈ కోరికను ఆధారము చేసికొని రాష్ట్రప్రభుత్వము 2019 నవంబరు 5న 81వ నంబరు ఉత్తర్వును జారీచేసెను. ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు బోధన ఇంగ్లీషులో జరుగవలెనని దాని సారాంశము. నవంబరు 20న వచ్చిన 85వ నంబరు ఉత్తర్వు దీనిని మొదటి సంవత్సరమునకు ఆరవ తరగతివరకు పరిమితము చేసినది. తెలుగు లేక ఉర్దూ తప్పనిసరి పాఠ్యాంశముగా మిగిలినది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండు ఉత్తర్వులను కొట్టివేసినది. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ప్రాథమిక దశలో మాధ్యమమును ఎన్నుకొను స్వేచ్ఛ రాజ్యాంగము ఇచ్చినదేనని కర్ణాటక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2014లోనే తీర్పు చెప్పియుండెను.

ప్రభుత్వ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కలవారి పిల్లలకు అందుచున్న ఇంగ్లీషు కూలివాని బిడ్డకు ఏల అందరాదు? ఈ ప్రశ్న న్యాయమైనది. తీర్పు తరువాత జరిపిన అభిప్రాయసేకరణలో నూటికి 96 మందికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమమునే కోరిరని ప్రభుత్వము ప్రకటించెను. అయితే అడుగవలసిన మాటను ఉత్తర్వునకు ముందే అడిగియుండవలసినది.

ఉత్తర్వులోని అసలు లోపము వేరొకటి. ఇంగ్లీషు నేర్చుట ఒక పని. ఇంగ్లీషు ద్వారా గణితమును, విజ్ఞానమును నేర్చుట మరియొక పని. భాష ఇంకను పట్టుబడని ఏడేండ్ల పిల్లవాడు పాఠమును వల్లెవేయును, పరీక్షలో వ్రాయును, పళ్లెముపై నర్తకి ఏల పడిపోలేదని అడిగినచో మౌనము వహించును. ఆ మాధ్యమమున శిక్షణ పొందని ఉపాధ్యాయుని కష్టము సైతము ఇట్టిదే. 2020–21లో ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో ఉండునట్లు పుస్తకములు ముద్రించుట ఈ కష్టమును కొంత గుర్తించినట్లే. రెండు భాషలకును చోటిచ్చు ఆ పద్ధతి ఉత్తర్వుకంటె వివేకవంతమైనది.

తెలుగు పక్షమువారికిని ఒక మాట చెప్పవలెను. కోణమునకు సంబంధించిన భ్రమణ విషయమును "కోణీయ ద్రవ్యవేగము" అని తెనిగించినంతమాత్రమున అది బోధపడదు. చేతులు చాచి తిరుగుచున్న నర్తకి వానిని దగ్గరకు తీసికొనగానే వేగము పెరుగుటను చూపి, పిమ్మట పేరు చెప్పినపుడే ఆ పదమునకు ప్రాణము వచ్చును. అదియునుగాక, తెలుగు అందరికిని మాతృభాష కాదు. సవర, కువి, కోయ పిల్లలకు తెలుగు బడి సైతము పరభాషా బడియే. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడెను. 2004లో రాష్ట్రమున గిరిజన భాషలలో ప్రారంభించిన ప్రాథమిక బోధన ఆ బాటలోనిదే.

ఇట్టి ప్రయోగములు ఇతర దేశములలోను జరిగినవి. బహుభాషల నిలయమైన కాలిఫోర్నియాలో 1998లో ఓటర్లు 227వ ప్రతిపాదన ద్వారా బడులలో బోధన ప్రధానముగా ఇంగ్లీషులోనే ఉండవలెనని నిర్ణయించిరి. 2016లో 58వ ప్రతిపాదన ద్వారా ఆ కట్టుబాట్లను చాలవరకు తొలగించిరి. నిర్ణయమును మార్చుకొనుటకు 18 సంవత్సరములు పట్టినది. ఆ కాలములో ఒక తరము పిల్లల బడి చదువు ముగిసిపోయినది.

ఉత్తర్వు పుస్తకపు భాషను ఒక్క దినమున మార్చగలదు. బాలుని ఆలోచనాభాషను మార్చుట దానికి శక్యము కాదు. చిన్నతరగతులలో తెలిసిన భాషలో విషయమును బోధించి, ఇంగ్లీషును భాషగా నేర్పరియైన ఉపాధ్యాయునిచే మొదటినుండి చక్కగా నేర్పించి, పై తరగతులలో ఎన్నికకు అవకాశమిచ్చినచో పేదవాని కోరికయు తీరును, విజ్ఞానమును నిలుచును. అంతవరకు ప్రతి ఉపాధ్యాయుడు తన తరగతిలో ఒక పరీక్ష చేయవచ్చును: నేటి పాఠమును విద్యార్థి ఇంటికి పోయి, బడి ముఖము చూడని తన అవ్వకు చెప్పగలడా? చెప్పగలిగిననాడు ఆ పాఠము అతనిది.