రెండు వందల దగ్గర బేరం

పసుపు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులూ ఎండలు ముదిరే రోజులూ మా మెట్‌పల్లిలో ఒకదాని వెనకే ఒకటి వస్తాయి. మార్చి సగం గడిచేసరికి ఎలక్ట్రికల్ షాపుల ముందు ఫ్యాన్ డబ్బాలు అరుగు దాటి రోడ్డు మీదికి వస్తాయి. కోరుట్ల పోయినా, జగిత్యాల పోయినా ఇదే వరుస. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం ఈ జిల్లాకు వింత కాదు కాబట్టి కొనాలా వద్దా అన్న ఆలోచన ఉండదు. 3,000 పెట్టి ఫ్యాను కొంటారు. డబ్బా మీది ధరలో షాపాయన తగ్గించినదానికి సంతోషపడి బండి మీద పెట్టుకొని ఇంటికొస్తారు. అసలు బేరం అప్పుడు మొదలవుతుంది.

“బిగిస్తే ఎంత తీస్కుంటవ్ తమ్మీ?”

“రెండు వందల యాభై ఇయ్యుండ్రి సార్.”

“ఇరవై నిమిషాల పనికి రెండు వందల యాభయ్యా?”

ఈ మూడో మాట ఎవరింట్లో విన్నా నాకు ఒళ్లు మండుతుంది. మా దగ్గర ఇప్పుడు నడుస్తున్న రేటు ఇంచుమించు అదే. హుక్కూ వైరూ సిద్ధంగా ఉంటే ఫ్యానుకు 200 నుంచి 300. పాతది దింపి కొత్తది ఎక్కించినా చాలామంది అంతే తీసుకుంటారు. స్విచ్ బోర్డు నుంచి గోడ మీదుగా కొత్త లైను లాగాలంటే సామాన్లు గాక 500 దాటుతుంది. నాలుగైదు ఫ్యాన్లు ఒకేసారి ఉంటే కొంత తగ్గిస్తారు. ఈ లెక్క అందరికీ నోటికొచ్చు. ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ తలెత్తి చూడరు.

పని తెలిసినవాడు వస్తూనే స్టూలు ఎక్కడు. ముందు మెయిన్ దగ్గరికి పోయి ఎంసీబీ దించుతాడు, టెస్టర్ పెట్టి చూసుకుంటాడు. పాత ఇళ్లలో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా పై వైర్లలో కరెంటు ఉంటుంది. తర్వాత హుక్కు పట్టుకొని గట్టిగా గుంజి చూస్తాడు, తుప్పు పట్టిందా, అరిగిందా, కదులుతోందా అని. కింద చాప పరిచి రెక్కలు బిగిస్తాడు. ఒక సెట్టులోని మూడు రెక్కలూ బరువు సరిచూసి జత కలిపినవి. పాత ఫ్యాను రెక్క ఒకటి తెచ్చి తగిలిస్తే ఎంత మంచి మోటారైనా ఊగుతుంది. రాడ్డులోంచి వైర్లు లాగి, కింది చివరను మోటారుకు, పై చివరను రబ్బరు బుష్షుతో హుక్కుకు కలుపుతాడు. రెండు చోట్లా బోల్టు, నట్టు, ఆ తర్వాత స్ప్లిట్ పిన్ను. తిప్పి చూసినప్పుడు ఊగితే స్లాబు నుంచి ఒక్కో రెక్క చివరకు టేపు పెట్టి కొలుస్తాడు. వంగిన రెక్క అక్కడ దొరికిపోతుంది.

స్ప్లిట్ పిన్ను గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆడపిల్లల తలపిన్నులా ఉండే ఇనుప ముక్క అది. ఫ్యాను తిరిగినంత సేపూ సన్నగా అదురుతూనే ఉంటుంది, ఆ అదురుకు నట్టు కొద్దికొద్దిగా వదులవుతుంది. నట్టు పూర్తిగా ఊడినా బోల్టు జారిపోకుండా ఆపేది దాని చివరి రంధ్రంలో దూర్చి, కాళ్లు రెండు పక్కలకూ విడదీసిన ఈ పిన్నే. పైన తిరిగేది 5 కిలోల దాకా బరువు, నిమిషానికి 300కు పైగా చుట్లు. కింద పిల్లలు పడుకునే మంచం. తొందరలో ఉన్నవాడు పిన్ను దూరుస్తాడు గాని కాళ్లు విడదీయడు. మరీ తొందరైతే దూర్చనే దూర్చడు. పై కప్పు మూసేశాక ఎవరికి కనబడుతుంది? అతనికి ఆ తొందర ఎక్కడిదో కూడా చూడాలి. ఇంటికి 150 చొప్పున ఒప్పిస్తే రోజుకు ఇంకా ఎక్కువ ఇళ్లు తిరిగితే గాని అతనికి గిట్టదు.

ఒకప్పటి గూన పెంకల ఇళ్లలో ఈ హుక్కుల గోల లేదు. ఫ్యానే లేదు లెండి, చాలా ఇళ్లలో. తర్వాత వచ్చినప్పుడు దూలానికి బోల్టు వేసి వేలాడదీశారు. ఇల్లు ఎత్తుగా ఉండేది, పెంకల సందుల్లోంచి వేడి పైకి పోయేది. దుబాయి, మస్కట్ పైసలతో స్లాబు ఇళ్లు లేచాక లెక్క మారింది. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది, ఫ్యాను ఆ వేడిగాలినే మన మీదికి తోస్తుంది. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అంతే. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

స్లాబు ఇంట్లో అసలు ఖర్చు కూలి దగ్గర ఉండదు. సెంట్రింగు మీద సలాకలు కట్టే రోజున గది నడుమ చూసి ఫ్యాన్ బాక్సు పెట్టి, దాని కడ్డీని సలాకలకు కట్టెయ్యాలి. బాక్సుకు వంద, నూటయాభై అవుతుందేమో. ఆనాడు మరిచిపోతే తర్వాత డ్రిల్లు, ఫాస్టనర్, ఇల్లంతా దుమ్ము, సలాక తగిలితే పక్కన ఇంకో రంధ్రం. అప్పుడు పంకా గది నడుమ ఉండదు, బీరువా మీద తిరుగుతుంది. యజమాని గల్ఫ్‌లో ఉండి వాట్సాప్ వీడియోలో చూసుకుంటూ కట్టించే ఇళ్లలో ఇలాంటివి ఎక్కువ. వీడియోలో గదులు కనబడతాయి, స్లాబు లోపల ఏం పెట్టారో కనబడదు. ఆపైన ఫాల్స్ సీలింగ్ మోజు. హుక్కు ఆ బోర్డు పైన దాగిపోతుంది కాబట్టి పొడుగు రాడ్డు కావాలి. అందం చెడుతుందని రాడ్డు కురచ చేయించుకునేవారున్నారు. రెక్కలు సీలింగుకు మరీ దగ్గరైతే పైనుంచి గాలి అందదు, ఫ్యాను చప్పుడు చేస్తుంది గాని కిందికి గాలి రాదు. సీలింగుకు కనీసం అడుగు కింద, నేలకు ఎనిమిది అడుగుల పైన రెక్కలుండాలి.

ఇక కరెంటు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపు ఎంతో చెప్పే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అంతకుముందటి మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30 వాట్లతో సరిపెడుతుంది. ధరలో వెయ్యికి పైగా తేడా. మే నెలలో రోజుకు 20 గంటలు తిరిగే మూడు పాత మామూలు ఫ్యాన్లు నెలకు 135 యూనిట్లు, బీఎల్‌డీసీ అయితే 54. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం వల్ల 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇంటికి ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ తేడాతో పనిలేదు, వాళ్లను బీఎల్‌డీసీ కొనమని నేనూ అనను. కానీ ఎండాకాలంలో కూలరూ ఫ్రిజ్జూ కలిసి మీటరు 201 చూపిందంటే మాఫీ మొత్తం పోతుంది. ఇప్పటి టారిఫ్‌లో మొదటి 200 యూనిట్లకే యూనిట్‌కు 5.10 చొప్పున 1,020 రూపాయలు. మీ బిల్లు వేసవిలో 180, 190 దగ్గర ఆడుతుంటే ఆ వెయ్యి ఎక్కువ పెట్టండి. బీఎల్‌డీసీ బిగించేటప్పుడు గోడలోని పాత రెగ్యులేటర్ తీసేసి నేరుగా కలపమని మాత్రం చెప్పాలి. ఆ రెగ్యులేటర్‌తో నడిపితే ఫ్యాను లోపలి సర్క్యూట్ బోర్డు చెడే అవకాశం ఉంది.

మామూలు ఫ్యానుకు ఉన్న ఒక్క గొప్ప మన ఊళ్లోనే బాగవడం. మెల్లగా తిరిగితే చాలాసార్లు కండెన్సరే కారణం, వంద లోపు వస్తువు. గరగరమంటే బేరింగు. మాడిపోతే బోర్ల మోటార్లు చుట్టే దుకాణంలోనే దీనికీ రాగి తీగ చుడతారు. 1880ల్లో అమెరికాలో ఫిలిప్ డీల్ కుట్టు మిషన్ కోసం చేసిన మోటారునే సీలింగ్ ఫ్యానుగా మార్చాడు. నూట నలభై ఏళ్లవుతున్నా మన దుకాణంవాడికి అది ఇప్పటికీ అర్థమయ్యే యంత్రమే. బీఎల్‌డీసీ బోర్డు పోతే ఆ దుకాణంలో చెయ్యగలిగింది తక్కువ, వారంటీ కాగితం దాచుకోవడమే దారి.

ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్ దొరకడని అందరూ విసుక్కుంటారు. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివిన పిల్లల్లో చాలామంది మనకంటే ఎక్కువ జీతమిచ్చే ఎడారి దేశాల్లో ఉన్నారు. ఊళ్లో మిగిలినవాళ్లు ఆ రెండు నెలల సీజన్‌లోనే సంపాదించుకోవాలి. స్టూలు మీది నుంచి జారితే వాళ్లకు సెలవు జీతం ఇచ్చే కంపెనీ లేదు.

ఈసారి మీ ఇంట్లో ఫ్యాను బిగించేటప్పుడు పై కప్పు మూసే ముందు అతన్ని ఒక్క నిమిషం ఆగమనండి. మీరే స్టూలెక్కి, పిన్ను కాళ్లు విడదీసి ఉన్నాయో లేదో చూడండి, రాడ్డు కింది చివర కూడా. ఉంటే అడిగిన 250 ఇచ్చెయ్యండి. లేకపోతే పెట్టించి, అప్పుడూ 250 ఇవ్వండి.