పుస్తకం వెల, దారి ఖర్చు

అమెరికాలో అచ్చయిన ఒక విమర్శ గ్రంథం కోసం పంజాగుట్టలో విచారించాను. పుస్తకం వెలకన్న రవాణా ఖర్చే ఎక్కువన్నారు. అమీర్‌పేటలోని నా గదికి అది రాలేదు.

ఒకప్పుడు మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసిన పుస్తకాలు విశాలాంధ్రలో అతి చౌకగా దొరికేవి. దారి ఖర్చు సోవియట్ ప్రభుత్వం భరించింది. మనమేమి చదవాలో కూడా అదే ఎంచిందన్న సంగతి దాచనక్కరలేదు. 1991తో ఆ దారి మూసుకుపోయింది. 2007లో అమెరికా తపాలాశాఖ విదేశాలకు ఓడమీద పంపే చౌక టపాను ఎత్తివేసింది. 2019లో మన ప్రభుత్వం దిగుమతి పుస్తకాలపై 5 శాతం సుంకం వేసింది.

నాడు ఎంపిక ప్రభుత్వానిది, నేడు జేబుది. రెండూ పాఠకునివి కావు. చౌక పుస్తక టపా, సుంకం రద్దు, గ్రంథాలయాల ఉమ్మడి కొనుగోలు: వీటిని అడగడం కూడా విమర్శకుని బాధ్యతే.