దయ్యం డబ్బు మ్యాట్నీలో ఉంది

దయ్యం సినిమా అనగానే అందరికీ సెకండ్ షో గుర్తొస్తుంది. బయట చీకటి, తిరిగెళ్లే దారిలో కాలవ గట్టు, గట్టు మీద చింతచెట్టు. భయపడ్డానికి అంతకన్నా మంచి ఏర్పాటేముంటుంది? కానీ సినిమా కొన్న బయ్యరు భయం వేరు. ఆయన కన్ను మధ్యాహ్నం ఆట మీద ఉంటుంది. మా గోదావరి జిల్లాల్లో హారర్ సినిమా నిలబడిందా, పోయిందా అన్నది మ్యాట్నీయే తేలుస్తుందని నా నమ్మకం.

కుర్రతనంలో కొన్నాళ్లు ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున రిప్రజెంటేటివ్‌గా తిరిగాను. ఫిల్మ్ బాక్సులు బస్సెక్కించుకుని ఊరు చేరడం, ఆట మొదలయ్యాక బుకింగ్‌లో కూర్చుని నేల, బెంచీ, కుర్చీ టికెట్ల మొదటి నంబరూ చివరి నంబరూ రాసుకోవడం, తెగినవెన్నో తేల్చి డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల కాగితం మీద సంతకం పెట్టడం, అదీ పని. పన్ను పోగా, థియేటర్ అద్దె పోగా మిగిలిందే మా ఆఫీసుకి షేర్. ఆ కాగితంలో ఆటకో వరస. పెద్ద హీరో సినిమాకి మొదటి మూడు రోజులూ అన్ని వరసలూ ఒకేలా నిండేవి. దయ్యం సినిమాకి రాత్రి వరస కళకళలాడుతుంటే మ్యాట్నీ వరస బోసిగా ఉండేది. ఒక మేనేజరు గారు ఆ కాగితం నా చేతిలో పెడుతూ, "కుర్రోళ్లు ఈలేత్తే మనకేం ఒరుగుద్దబ్బాయ్? ఆడోళ్లు రావాల గానీ" అనేవారు. "ఆయ్, నిజవేనండి" అని సంతకం పెట్టేవాణ్ణి.

ఆయన లెక్కలో తప్పు లేదు. సెకండ్ షోకి కుర్రాడొస్తే ఒక్క టికెట్టు. మ్యాట్నీకి ఇల్లాలు బయల్దేరిందంటే అత్తగారు, తోడికోడలు, పిల్లలు, పక్కింటావిడ, వరసంతా నిండుతుంది. భయం ఒక్కటే పెట్టి ఆ వరస నింపడం కష్టం. విఠలాచార్య గారికి ఈ సంగతి బాగా తెలుసు. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యం తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట వండుతుంది. పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దవాళ్లు నవ్వారు, ఇద్దరూ కలిసి మళ్లీ వచ్చారు.

మా పాలకొల్లు మనిషి కోడి రామకృష్ణ గారు ఇంకో దారి పట్టారు. 'అమ్మోరు' (1995), 'దేవి' (1999) తీసి, గ్రాఫిక్స్‌నీ భక్తినీ ఒక్క తెర మీదికి తెచ్చి, ఆడవాళ్లని ముందే తన వైపు తిప్పుకున్నారు. ఆ తర్వాతే 'అరుంధతి'. 2009 జనవరి 16న, సంక్రాంతి సీజన్లో విడుదలైంది. కోడిపందేల వేడి తగ్గకముందే హీరో లేని సినిమా వేయడమంటే మామూలు సాహసం కాదు. అప్పటికి అనుష్క పేరు మీద టికెట్లు తెగే రోజులు కావు. నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి గారు దాని మీద దాదాపు 13 కోట్లు పెట్టారని ట్రేడ్‌లో చెప్పుకునేవారు. అందులోని విలన్ పశుపతిని చూసి జనం భయపడ్డ మాట నిజమే. వాళ్లని మళ్లీ మళ్లీ రప్పించింది మాత్రం అనుష్క వేసిన జేజమ్మ.

అదే ఏడాది అమెరికాలో 'పారానార్మల్ యాక్టివిటీ' థియేటర్లకొచ్చింది. సుమారు 15 వేల డాలర్లతో తీసిన సినిమా 19 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. హారర్‌కి ఎక్కడైనా ఉన్న బలం ఇదే. మొత్తం వసూళ్లలో పెద్ద హీరోల యాక్షన్ సినిమాతో పోటీ పడలేదు గానీ, పెట్టిన రూపాయికి వచ్చిన రూపాయిలు లెక్కేస్తే దాన్ని కొట్టే రకం అరుదు. రాజోలు దగ్గర మట్టపర్రు నుంచి వెళ్లిన సుకుమార్ గారినే చూడండి. ఆయన తీసిన 'పుష్ప 2' పదిహేను వందల కోట్లు దాటింది. ఆయన స్క్రీన్‌ప్లే రాసిన 'విరూపాక్ష' (2023) 'ఎ' సర్టిఫికెట్‌తో వచ్చి వంద కోట్ల దరిదాపుల్లో ఆగింది. కానీ మా ఈస్ట్, వెస్ట్ బయ్యర్లకి రెండోదే నిద్ర పట్టనిచ్చే బేరం. (2022లో జిల్లాలు ముక్కలై కోనసీమ, ఏలూరు పుట్టుకొచ్చినా, సినిమా కాగితాల్లో ఇంకా ఈస్ట్, వెస్టే.) చేతబడి నవల 'తులసిదళం' రాసిన యండమూరి గారిదీ, దయ్యం సినిమా 'గీతాంజలి' (2014) చేసిన అంజలిదీ రాజోలు వైపే. ఆ నీళ్లలో ఏముందో మరి.

ఈ రకానికి దొరికే రోజులు కూడా చూడాలి. పండగలన్నీ పెద్ద హీరోలవే. దీపావళికి అటూ ఇటూగా, సంక్రాంతికి ముందు, మా డెల్టాలో సార్వా కోతలు నడిచే నవంబరు దయ్యాలకి మిగులుతుంది. 'ఎక్కడికి పోతావు చిన్నవాడా' 2016 నవంబరు 18న వచ్చింది. పెద్ద నోట్లు రద్దయి అప్పటికి పది రోజులు. చేతిలో చిల్లర లేకపోయినా జనం వెళ్లారు. 'మసూద' 2022లో సరిగ్గా అదే తేదీన వచ్చి, నోటి మాట మీద నెమ్మదిగా పుంజుకుంది. 2023 నవంబరులో 'పొలిమేర 2', మా ఆత్రేయపురం అజయ్ భూపతి తీసిన 'మంగళవారం' రెండు వారాల తేడాతో దిగాయి. పొద్దున్న పాలకొల్లు క్షీరారామం గుళ్లో దీపం పెట్టి, మధ్యాహ్నం దయ్యాన్ని చూసి రావడం కార్తీకంలో మా ఆడవాళ్లకి ఏమాత్రం తప్పనిపించదు.

ధర పెరిగితే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. 'చంద్రముఖి' (2005) డబ్బింగై వచ్చి ఇక్కడ విరగబడి ఆడింది. ఆ కథకే కొనసాగింపుగా, వెంకటేశ్ అంతటి హీరోతో 2010లో వచ్చిన 'నాగవల్లి' నిలబడలేదు. హీరో పెద్దవాడయ్యేకొద్దీ అడ్వాన్సు పెరుగుతుంది, ప్రేక్షకుడి భయం మాత్రం ఉన్నంతే ఉంటుంది. పైగా పెద్ద హీరో దయ్యానికి జడిస్తే అభిమాని ఊరుకోడు, జడవకపోతే మిగతావాళ్లకి భయం వేయదు. 'ప్రేమకథా చిత్రమ్' (2013) లాంటి చిన్న సినిమాతో నవ్వించి భయపెట్టిన మారుతి, అదే సరుకుతో ప్రభాస్‌ని పెట్టి 'ది రాజా సాబ్' తలపెట్టారంటే అది నా దృష్టిలో పూర్తిగా వేరే వ్యాపారం.

ఇప్పుడు నేల లేదు, బెంచీ లేదు, ఫిల్మ్ బాక్సూ లేదు. మేనేజరు గారి మాట మాత్రం చెల్లుతూనే ఉంది. దానికి కారణం ఆయన చెప్పలేదు, నాకు తోచింది చెబుతాను. మన మిగతా సినిమాల్లో ఆడదానికి దక్కేది నాలుగు పాటలు, రెండు సీన్లు. కథంతా ఆమె చుట్టూ తిరిగేది దయ్యం సినిమాలోనే. అరుంధతి, 'చంద్రముఖి'లో గంగ, గీతాంజలి, 'మసూద'లో ఒంటరిగా కూతుర్ని కాపాడుకునే తల్లి, వీళ్లకి జరిగింది న్యాయమా అని ఇంటికెళ్తూ వాదించుకోవచ్చు. ఆ వాదన రేపిన సినిమాకి రెండో వారం ఉంటుంది. దయ్యం కథ పట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగే కుర్రాళ్లు తలుపు కిర్రుమనే శబ్దం మీద పెట్టే శ్రద్ధలో సగం ఆమె పగ మీద పెడితే చాలు, బయ్యరు డబ్బుకి ఢోకా ఉండదు.