ఓడపట్టీలును వంశగౌరవమును

ఆస్ట్రేలియాలోని ఇంగ్లీషు, స్కాచి, ఐరిషు కుటుంబములవారు తమ పూర్వు లే యోడ నెక్కి యే రేవున దిగిరో పాత ఓడపట్టీలలో వెదకుట చిరకాలముగ వాడుకలో నున్నది. ఇది మెచ్చదగిన పనియే. తాత పేరు తెలియగోరు మనుమని నెవ్వరు తప్పుపట్టుదురు? కాని యా పట్టీలను శాసనములవలె నమ్ముటయు, అందు తమకు రుచించినదానినే గైకొనుటయు విమర్శింపవలసిన దోషములు.

పట్టీ జ్ఞాపకార్థము వ్రాయబడినది కాదు. లెక్క చెప్పుటకు వ్రాయబడినది. దొరతనమువా రెవని నమ్మకుండిరో, ఎవనికై ధనము వెచ్చించిరో, వానినిగూర్చియే గుమాస్తా విస్తరించి వ్రాసెను. 1788 మొదలు 1868 వరకు సుమారు 1,62,000 మంది శిక్షితు లా ఖండమునకు గొనిపోబడిరి. వారి పట్టీలలో నేరము, శిక్ష మాత్రమే కాక కాలక్రమమున ఎత్తు, కనులరంగు, దేహముమీది మచ్చలును చేరినవి. సర్కారు ధనముతో న్యూసౌత్‌వేల్సు చేరిన వలసవారికి రెండు విధములైన పట్టీలు గలవు. ఏజెంటు పట్టీ క్లుప్తము; వలసవారిని పరీక్షించిన సంఘమువారి పట్టీలో పుట్టినయూరు, తల్లిదండ్రుల పేర్లు, మతము, చదువును గానవచ్చును. మరి తన రూకలతో క్రిందితరగతిలో వచ్చిన స్వతంత్రునకో? తరచుగా ఇంటిపేరు మాత్రమే మిగిలినది. కావున పేరు దొరకనంతమాత్రమున పూర్వుడు రాలేదనరాదు. విస్తారముగ దొరకినంతమాత్రమున ఘనుడనియు ననరాదు.

వ్రాసినదెల్ల నిజమనుటయు పొరపాటే. సర్కారువారి సాయమునకు వయస్సు, వృత్తి మున్నగు నియమము లుండుటచే కొందరు ఏండ్లు తగ్గించి చెప్పిరి, కొందరు సేద్యగాండ్రమనిరి. గుమాస్తా చెవికి దోచినట్లు పేర్లు వ్రాసెను. పేదవాని యా బొంకునకు కారణ మరయక నవ్వుట న్యాయము గాదు.

ఇంకొక లోపము గలదు. 1852లో బర్కెన్‌హెడ్డునుండి మెల్బోర్నునకు దాదాపు 800 మందితో వెడలిన ‘టికాండెరోగా’ యను నోడలో టైఫసు జ్వరముచే సుమారు 100 మంది సముద్రముమీదనే మరణించిరి. తీరము చేరినపిదప మరికొందరు గతించిరి. అందు పసిబిడ్డలు పెక్కుమంది. సంతతిలేని యా బిడ్డల పేర్లను వెదకువా రెవ్వరు? మనుమలుగలవానినే మనుమలు వెదకుదురు. వంశచరిత్రము బ్రదికినవారి చరిత్రమై, చచ్చినవారి వెల మరచుచున్నది.

శిక్షితుడైన తాతను కుటుంబములు ఒకప్పుడు దాచిపెట్టెను; నేడు బిరుదువలె చెప్పుకొనువారు గలరు. ఈ రెండును నొకటే దోషము. దాచినను చాటినను వారు చూచునది తమ గౌరవమునే గాని యా మనుష్యుని కష్టమును గాదు.

చదువరులారా, ఇది పరులమాట యని యూరకుండరాదు. 1860లో ‘ట్రూరో’ యోడ మద్రాసునుండి కూలీలను నేటాలునకు గొనిపోయెను. 1911 వరకు ఆ దేశమున కేగిన లక్షయేబదివేలకు మించిన కూలీలలో మన యాంధ్రులును గలరు. వారి పట్టీలలో తండ్రిపేరు, ఊరు, వయస్సు, కులము వ్రాయబడినవి. ఆ పట్టీలను విప్పు తెలుగువాని కన్ను మొదట కులపు గడిమీద నిలుచునా, వయస్సు గడిమీద నిలుచునా? అందుమీదనే వాని వెదకులాట విలువ యాధారపడి యున్నది.